రాజీనామాకు ముందే లోన్ తీసేసుకోమంటున్నారు.. తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక లా ఫర్మ్‌లో తొమ్మిదేళ్లుగా కార్పొరేట్ లాయర్‌గా ఉన్నాను. టీడీఎస్ పోను నెలకు 1.70 లక్షలు వస్తాయి. నా భార్య టీచర్, జీతం 40 వేలు. మణికొండ ఫ్లాట్ ఈఎంఐ 62 వేలు. దాంతో కలిపి ఇంటి ఖర్చు, పాప ఫీజు, అమ్మానాన్నల మందులు అన్నీ నెలకు 1.45 లక్షలు. 4 లక్షల ఎఫ్‌డీ, 11 లక్షల మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో సొంత ఫర్మ్ పెట్టాలనుకుంటున్నాం. జూబ్లీహిల్స్‌లో ఆఫీసుకు నా వాటా 15 లక్షలు. బయటికొచ్చాక బ్యాంకులు ఇవ్వవు, ముందే పర్సనల్ లోన్ తీసేసుకోమని అందరూ చెబుతున్నారు. ఒక ఫార్మా కంపెనీ లీగల్ టీమ్‌లో 1.60 లక్షలకు ఆఫర్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ లోన్ మాత్రం తీసుకోకండి. ఐటీ ఉద్యోగులు, డాక్టర్లు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

బయటికొచ్చాక బ్యాంకు ఎందుకివ్వదు? వచ్చే నెల నుంచి మీ చేతికి ఎంత వస్తుందో దానికి తెలియదు. మీకూ తెలియదు. ఆ సంగతి దాచి, పాత స్టేట్‌మెంట్లు చూపించి అప్పు తెచ్చుకోవడం తెలివైన పని అనుకుంటున్నారు. రాజీనామా లెటర్ జేబులో పెట్టుకుని లోన్ ఫారంలో అదే ఫర్మ్ పేరు రాస్తే దాన్ని ఏమంటారో లాయరైన మీకు నేను చెప్పాలా?

లెక్క చూడండి. 15 లక్షలు, 14 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 34,900. వడ్డీయే 6 లక్షలకు దగ్గర. మీ నెల ఖర్చు 1.80 లక్షలకు చేరుతుంది. మీ భార్య జీతం తీసేసినా ఇంకా 1.40 లక్షలు కావాలి. 4 లక్షల ఎఫ్‌డీ మూడు నెలలు కూడా రాదు. ఆ తర్వాత క్రెడిట్ కార్డు గీకుతారు. దానిమీద నెలకు 3.5 శాతం, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ కూడా వడ్డీ పడుతుంది. ఫ్రెండ్స్‌తో రేపు పొసగకపోతే ఆఫీసు ఎవరిదవుతుందో గానీ, లోన్ మాత్రం మీ పేరు మీదే ఉంటుంది.

మూడు నెలల్లో ఫీజులు రావా అంటారు. మీ వృత్తిలో పని రావడం ఒకటి, డబ్బు రావడం ఇంకొకటి. డ్యూ డిలిజెన్స్ (డీల్‌కు ముందు కంపెనీ పత్రాల తనిఖీ) ఇవాళ పూర్తిచేసినా, డీల్ ముగిస్తే గానీ ఇన్‌వాయిస్ కదలని కేసులు ఎన్నో. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్ ప్రకటనలు ఇచ్చుకోకూడదు కాబట్టి క్లయింట్లు తెలిసినవాళ్ల ద్వారా మెల్లగా రావాల్సిందే. ఫీజులు ఆగినా అప్పు ఆగదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు ఆర్‌బీఐ ఈఎంఐలకు మారటోరియం, అంటే వాయిదా ఇచ్చింది. వడ్డీ మాత్రం ఆగలేదు.

ఇంకో సంగతి. మీకు వస్తున్నది జీతమా, రిటైనర్ ఫీజా (నెలనెలా ఇచ్చే వృత్తి ఫీజు)? చాలా ఫర్ములు లాయర్లకు ఫీజు కింద ఇచ్చి 10 శాతం టీడీఎస్ కోస్తాయి. మీదీ అదే అయితే తొమ్మిదేళ్లకు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. మీ వెనక ఉన్నది మీరు దాచుకున్న డబ్బే.

అందుకే ముందు అత్యవసర నిధి. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. సొంత ప్రాక్టీస్‌కి పన్నెండు నెలలు ఉండాలి. అంటే 17.40 లక్షలు. ఫండ్లలోంచి 6 లక్షలు తీసి ఎఫ్‌డీకి కలపండి, 10 లక్షలవుతుంది. ఇప్పటి ఆదాయంలో నెలకు 65 వేలు మిగలాలి. ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు ఉంటే ఆపేసి అదంతా ఇందులో వేస్తే ఏడాదిలోపు మిగతా 7.40 లక్షలు పూర్తవుతాయి. ఈ డబ్బు ఆఫీసు అద్దెకు కాదు, ఇంటికి. అప్పటిదాకా ఆగడానికి మీ ఫ్రెండ్స్ ఒప్పుకోకపోతే, వాళ్ల దగ్గర ఎంత నిధి ఉందో అడగండి.

ఆఫీసు ఇప్పుడే ఎందుకు? అగ్రిమెంట్లు మణికొండలో కూర్చునైనా రాయొచ్చు. కంపెనీల కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ఉన్నదేమో నాగోల్ దగ్గర బండ్లగూడలో. జూబ్లీహిల్స్ బోర్డు వల్ల అక్కడ కేసు గెలవరు కదా.

ఫార్మా ఆఫర్ చెడ్డదేం కాదు. పీఎఫ్ వస్తుంది, పది వేల తేడాకు భయపడొద్దు. ఫుల్‌టైం ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీస్ ఆపాలి. మళ్లీ మొదలుపెట్టే దారి ఉంటుంది.

నాన్నగారికి, అమ్మగారికి మందులు వాడుతున్నామన్నారు. వాళ్ల హెల్త్ కవర్ మీ ఫర్మ్ గ్రూప్ పాలసీలోనే ఉంటే, మీరు మానేసిన రోజుతో అది పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ ఉండొచ్చు. అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొచ్చే వీలుంది. ఈ వారమే మీ హెచ్‌ఆర్‌ను, ఇన్సూరెన్స్ కంపెనీని అడగండి. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. మీ పేరు మీద టర్మ్ పాలసీకి (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) ఆదాయ రుజువు కావాలి, అది కూడా ఇప్పుడే తీసుకోండి. రెండు పాలసీలూ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి.