పోటు ఎత్తు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

మీ వ్యాసం రెండుసార్లు చదివాను. మూడువైపులా నేల ఉన్న సముద్రంలో నీటికి పోయే దారి లేక పోటు ఎత్తుగా లేస్తుందని రాశారు. తొలిరోజుల్లో నేనూ అలాగే రాసి, ‘మరి మధ్యధరా సముద్రంలో ఎందుకు లేవదు?’ అని ఒక పాఠకుడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. దాని చుట్టూ నేలే ఉన్నా చాలా తీరాల్లో ఆటుకూ పోటుకూ తేడా అర మీటరైనా ఉండదు. అట్లాంటిక్ పోటు లోపలికి రావాలంటే ఉన్న దారి జిబ్రాల్టర్ జలసంధి ఒక్కటే, అదీ ఇరుకైన చోట 14 కిలోమీటర్ల వెడల్పే.

చంద్రుణ్ణి కాసేపు పక్కన పెట్టండి. అఖాతంలోని కొద్దిపాటి నీటిని అతడు నేరుగా లాగేది స్వల్పం. మహాసముద్రపు పోటే అలగా లోపలికి వచ్చి, చివరి ఒడ్డును తాకి వెనుదిరుగుతుంది. ఇలా రెండుసార్లు వచ్చిపోతే అఖాతపు నీటికి ఒక పూర్తి ఊపు అవుతుంది; ఆ ఊపుకు పట్టే కాలాన్ని అఖాతం పొడవూ లోతూ నిర్ణయిస్తాయి. బయటి పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. ఈ రెండు కాలాలూ దగ్గరపడినప్పుడు, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు, వచ్చే ప్రతి పోటూ అప్పటికే ఉన్న ఊపుకు తోడవుతుంది. అనునాదమంటే ఇదే, మీ వ్యాసంలో లేనిదీ ఇదే.

పాఠకుడి చేత ఒక చిన్న లెక్క చేయించండి. 70 మీటర్ల లోతు నీటిలో ఈ అల సెకనుకు సుమారు 26 మీటర్లు సాగుతుంది. అంటే ఒక పోటు నుంచి మరో పోటు లోపు దాదాపు 1,170 కిలోమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 290 కిలోమీటర్ల పొడవున్న అఖాతం ఆ ఊపుకు సరిగ్గా కుదురుతుంది. కెనడాలోని ఫండీ అఖాతం, దాని ముందున్న మెయిన్ సింధుశాఖ కలిసి ఊగే సహజకాలం సుమారు 13 గంటలు. అక్కడ ఆటుపోట్ల తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది.

మీ వ్యాసంలోని గరాటు పోలికను మాత్రం తీసేయకండి. లోపలికి పోయేకొద్దీ ఒడ్డులు దగ్గరవుతూ, లోతు తగ్గుతూ ఉంటే అల ఇంకా ఎత్తు పెరిగే మాట నిజమే; బ్రిటన్‌లోని బ్రిస్టల్ చానల్‌లో దాని ప్రభావం బాగా కనిపిస్తుంది. అయితే దానిని అనునాదం తర్వాతే చెప్పండి.

ఊపు ఇలా పెరుగుతూనే పోతే ఎక్కడ ఆగుతుందని తప్పక అడుగుతారు. నీటి వేగం రెట్టింపైతే సముద్రపు అడుగు రాపిడి సుమారు నాలుగింతలవుతుంది. ప్రతి పోటూ తెచ్చే శక్తిని రాపిడి పూర్తిగా తినేసే దగ్గర ఎత్తు నిలిచిపోతుంది. ఆ పేరా చేర్చి వ్యాసం మళ్లీ పంపండి.

శుభాశీస్సులతో