మాత్ర పనిచేయలేదా? ముందు గుండె చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. స్నేహితుడు చెబితే మెడికల్ షాపులో సిల్డెనాఫిల్ 50 కొని రెండుసార్లు వాడాను. మొదటిసారి కొంత ఫలితం కనిపించింది. రెండోసారి, పెళ్లిలో బిర్యానీ తిని వచ్చి వేసుకుంటే ఏమీ లేదు. ఇక నాకు దారి లేదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దారి తప్పకుండా ఉంది. మాత్ర ఎందుకు పనిచేయలేదో మీ ప్రశ్నలోనే ఉంది. నూనె, నెయ్యి దట్టించిన భోజనం చేశాక వేసుకుంటే సిల్డెనాఫిల్ ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. ఖాళీ కడుపుతోనో, తేలిగ్గా తిన్నాకో గంట ముందు వేసుకోవాలి. ఈ మాత్ర కోరికను పుట్టించదు, కోరిక కలిగినప్పుడు రక్తం చేరడానికి సాయపడుతుంది, అంతే. మింగేసి గడియారం చూస్తూ కూర్చుంటే ఆ టెన్షనే అడ్డుపడుతుంది. డాక్టర్ చెప్పిన డోసులో, వేర్వేరు రోజుల్లో ఐదారుసార్లు వాడితే గానీ పనిచేయలేదని తేల్చలేం. తిండితో ఇబ్బంది లేనిది కావాలంటే టడలాఫిల్ ఉంది. దాని ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది.

అయితే నన్ను కలవరపెడుతున్నది మాత్ర సంగతి కాదు. అంగానికి రక్తం తెచ్చే ధమనులు 1–2 మిల్లీమీటర్ల సన్నటివి, గుండెవి 3–4 మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే ముందు బయటపడేది సన్నవాటిలోనే. అంటే మీ సమస్య కొన్నేళ్ల తర్వాత రాబోయే గుండెజబ్బుకు హెచ్చరిక కావచ్చు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ, పొద్దున్నే తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్ ఈ వారంలోనే చేయించుకోండి. సిగరెట్ అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.

ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్రల జోలికి అస్సలు వెళ్లకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడైనా ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే, ఈ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. దయచేసి అక్కడ మాత్రం సిగ్గుపడకండి.

మాత్రలతో కుదరకపోతే వాక్యూమ్ పంపు, అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్, చివరగా ఇంప్లాంట్ ఆపరేషన్ ఉన్నాయి. ఇంజెక్షన్ తర్వాత స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గోడల మీద ప్రకటనలు చూసి పొడులు, లేహ్యాలు కొనకండి. అలాంటి వాటిలో సిల్డెనాఫిలే కలిపి అమ్ముతూ దొరికిన సందర్భాలున్నాయి.

రిపోర్టులతో యూరాలజిస్ట్‌ను కలవండి. వీలైతే మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. తన మీద మనసు లేదేమోనని ఆమె ఏడాదిగా లోలోపల మథనపడుతూ ఉండొచ్చు.