అర్థం కావడం వేరు, చేయగలగడం వేరు

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

క్లాసులో వింటుంటే అంతా అర్థమవుతోందనీ, తీరా గదికొచ్చి లెక్క ముందు పెట్టుకుంటే పెన్ను కదలడం లేదనీ రాశావు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో అసలు తిరకాసే అది. బోర్డు మీద మాస్టారు చేస్తున్నంతసేపూ ప్రతి మెట్టూ సబబుగానే తోస్తుంది. కానీ ముందు ఏ మెట్టు ఎక్కాలో తేల్చింది ఆయన, నువ్వు కాదు. ఆ తేల్చుకోవడమే నీకు అలవడాలి.

ఏ రోజు పాఠం ఆ రోజే పట్టుకో. సబ్జెక్టుకి అరగంట చాలు. నోట్సు మూసేసి, క్లాసులో చేసిన లెక్కనే తెల్లకాగితం మీద మొదటినుంచి చెయ్యి. ఎక్కడ ఆగిపోయావో అక్కడ గీత గీసి, అప్పుడు నోట్సు తెరువు. నీకు రానిది సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది. మర్నాడు మాస్టార్ని అడగాల్సిందీ అదే. "ఈ చాప్టరు అర్థం కాలేదండీ" అంటే ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు? "తాడుకి రెండు వైపులా టెన్షన్ సమానమని ఎందుకు తీసుకున్నారండీ?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కొత్త లెక్క రాకపోతే ఇరవై నిమిషాలైనా కుస్తీ పట్టాకే జవాబు చూడు. చూసినదాన్ని మర్నాడు పుస్తకం మూసి మళ్ళీ చెయ్యకపోతే, చూసినా చూడనట్టే.

మెకానిక్స్‌లో ఎక్కువమంది జారేది ఘర్షణ దగ్గరే. 30 డిగ్రీల వాలు మీద 10 కిలోల దిమ్మ కదలకుండా ఉంది, ఘర్షణ గుణకం (గరిష్ఠ ఘర్షణకీ, ఉపరితలం ఒత్తిడికీ ఉన్న నిష్పత్తి) 0.8, ఘర్షణ బలం ఎంత అని అడిగారనుకో. ముందు ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే వస్తువునొక్కదాన్నే గీసి దాని మీది బలాలు చూపే బొమ్మ, గియ్యి. దిమ్మ ఒక్కటే, దాని మీద మూడు బాణాలు: బరువు 98.1 న్యూటన్లు నిట్టనిలువుగా కిందికి, నార్మల్ రియాక్షన్ (వాలు దిమ్మను తిరిగి నెట్టే బలం) వాలుకి లంబంగా, ఘర్షణ వాలు వెంట పైకి. నార్మల్ కూడా 98.1 అని రాసేస్తారు కొందరు. అది చదునైన బల్ల మీద మాట. ఇక్కడ కాస్ 30తో గుణించాలి, దాదాపు 85 వస్తుంది. అంతవరకూ సరిగ్గా వచ్చినవాళ్ళు కూడా 85ని 0.8తో గుణించి 68 అని జవాబు రాసేస్తారు. దిమ్మను వాలు వెంట కిందికి లాగుతున్నదే 49 న్యూటన్లు (98.1ని సైన్ 30తో గుణిస్తే)! ఘర్షణ 68 అయితే దిమ్మ తనంతట తానే వాలెక్కి పైకి పోవాలి. 68 అనేది ఘర్షణ ఇవ్వగల గరిష్ఠం, ఇప్పుడు ఇస్తున్నది 49. బొమ్మ గీయకుండా సూత్రంలో అంకెలు వేస్తే జరిగేది ఇదే.

కాలిక్యులేటర్ ఏ మోడ్‌లో ఉందో పరీక్ష మొదలవగానే చూసుకో. సైన్ 30 కొడితే 0.5 రావాలి, మైనస్ 0.988 వచ్చిందంటే అది డిగ్రీల్లో కాక రేడియన్లనే వేరే కోణ ప్రమాణంలో ఉంది. ప్రతి మెట్టులోనూ ప్రమాణాలు రాయి. ఇది చాదస్తం కాదు. 1999లో నాసా వాళ్ళు అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక పోయింది, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చిన లెక్కను ఇంకొకటి న్యూటన్లనుకుని తీసుకోబట్టే.

ప్రోగ్రామింగ్ చదివితే రాదు, టైపు చేస్తేనే వస్తుంది. పక్కవాళ్ళ కోడ్ కాపీ చేశావంటే ఆ వారం ల్యాబ్ గడుస్తుంది, ఆ తర్వాత వారంనుంచి ఏదీ తలకెక్కదు. ఐదారు లైన్లు రాయగానే కంపైల్ చెయ్యి, అంటే కంప్యూటర్ భాషలోకి మార్పించి చూడు. నలభై ఎర్రర్లు వచ్చినా మొదటిదొక్కటే చదువు, మిగతావి చాలావరకు దాని పిల్లలే. సెమికోలన్ మర్చిపోతే ఎర్రర్ తరచు కింది లైన్లో చూపిస్తుంది కాబట్టి పై లైను కూడా చూడు. అసలు ఇబ్బంది పెట్టేవి ఎర్రర్ చూపించనివి. సీ భాషలో ఫారన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చడానికి ముందు 5/9 అని రాసి తర్వాత గుణిస్తే జవాబు ఎప్పుడూ సున్నాయే వస్తుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశాలు పోతాయి మరి. 5.0/9 అని రాయి.

ల్యాబ్‌లో కొలతలు అక్కడికక్కడే పెన్నుతో రాసుకో, తప్పయితే ఒక్క గీతతో కొట్టెయ్యి. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పట్టుకోగానే దవడలు మూసి జీరో ఎర్రర్, అంటే సున్నా ఉండాల్సిన చోట ఎంత తేడా చూపిస్తోందో, చూడు. మల్టీమీటర్‌తో కరెంటు కొలిచాక ఎర్ర తీగను కరెంటు సాకెట్‌లోనే వదిలేసి వోల్టేజీ కొలవబోకు, మీటర్ లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. రికార్డు ఏ వారానిది ఆ వారం రాసెయ్యి. డ్రాయింగ్‌కి 2హెచ్ పెన్సిల్‌తో సన్నగా గీసుకుని హెచ్‌బీతో దిద్దుకో, ఫస్ట్ యాంగిల్ అనే పద్ధతి‌లో టాప్ వ్యూ (పైనుంచి చూసిన బొమ్మ) ఫ్రంట్ వ్యూ (ముందునుంచి చూసిన బొమ్మ) కిందికి వస్తుందని గుర్తుంచుకుంటే సగం గండం గడిచినట్టే.

మొదటి పరీక్షలో మార్కులు తగ్గితే ఏడుస్తూ కూర్చోకు. పేపరు చేతికొచ్చాక పోయిన ప్రతి మార్కు పక్కనా రాయి: విషయమే తెలియదా, తెలిసీ మొదలుపెట్టలేకపోయావా, లేక కూడికలో తప్పా? మొదటి రకానికి పుస్తకం, రెండోదానికి మరిన్ని లెక్కలు. మూడోదానికి చివర్లో పది నిమిషాలు మిగుల్చుకో. ఈ మూడింటినీ కలిపి "ఇంకా కష్టపడాలి" అనుకున్నావా, ఏదీ బాగుపడదు. తప్పిన సబ్జెక్టు మాత్రం వాయిదా వెయ్యకు. రెండో ఏడాది సబ్జెక్టులు దాని మీదే నిలబడతాయి.

నలుగురితో కలిసి చదవడం మంచిదే, కానీ ముందు ఎవరికి వాళ్ళు ప్రయత్నించాక. పరీక్షకి ముందు రాత్రి నిద్ర మానేస్తే తెల్లారి తెలిసిన లెక్కే తప్పు చేస్తావు.

ఆ దిమ్మ లెక్కలో గుణకాన్ని 0.5 చెయ్యి. కదిలాక కూడా అంతే ఉంటుందనుకో. దిమ్మ ఆగుతుందా, జారుతుందా, జారితే త్వరణం ఎంత? బొమ్మతో సహా రాసి పంపు.

నీ మామయ్య