గుర్రప్పిల్లకు పాలు మాన్పించాలంటే ముందు తోడు చూడు

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట. ఈమధ్యే టెక్సాస్‌లో రెండెకరాల స్థలంతో ఇల్లు కొన్నాం. దాంతోపాటు ఒక తల్లి గుర్రం, నాలుగు నెలల పిల్ల వచ్చాయి. ఇంటి దగ్గరే పాలు మాన్పించవచ్చా?

జవాబు: మాన్పించవచ్చు తమ్మీ. హన్మకొండలో మనం చూసింది బరాత్ గుర్రాన్నే. చేతికి అలవాటైంది మాత్రం బర్రెలే. ఆ అలవాటే నా కొంప ముంచింది. దుడ్డెను వేరే కట్టేసినట్టు మా మొదటి గుర్రప్పిల్లను ఒక్కదాన్నే లాయంలో పెట్టి తలుపేసిన. తెల్లారి చూస్తే, సగం తలుపు ఎక్కబోయి మోకాళ్లు రెండూ చెక్కుకుపోయినయి.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మాన్పిస్తారు. నీ పిల్ల రోజుకు సుమారు రెండు కిలోల పిల్లల దాణా తింటుందా? లేకపోతే ముందు అది అలవాటు చెయ్యి.

తోడుకు నెమ్మదైన ముసలి గెల్డింగ్ మంచిది. అంటే కోడెకు కొట్టించినట్టే విత్తులు కొట్టించిన మగగుర్రం. రెండు మూడు వారాల ముందే తెచ్చి తల్లీపిల్లలతో కలిపి తిప్పు. ఆ తర్వాత పిల్లను కదిలించకు, తల్లినే బయటికి తీసుకపో. పిల్లకు తెలిసిన తొట్టి, తెలిసిన దడి, తెలిసిన తోడు అక్కడే ఉండాలె. తల్లి దడి అవతల కనపడినా ఫర్వాలేదు, పాలకు మూతి మాత్రం అందొద్దు. ముళ్ల తీగ ఉంటే ముందే పీకెయ్యి. జాలీ కన్నాల్లో గిట్ట దూరకూడదు.

రెండు మూడు రోజులు సకిలింపులతో నీకు నిద్ర ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పు. "పసిదాన్ని ఏడిపిస్తే పాపం తాకుతదిరా" అని మా అమ్మ రెండో రాత్రి గేటు తీసింది. కథ మళ్లీ మొదటికొచ్చింది.

తల్లి పొదుగు బిగుస్తది. బర్రెకైతే వెంటనే పిండుతం. ఇక్కడ పిండితే పాలు మళ్లీ ఊరుతయి. తల్లికి దాణా తగ్గించి, గడ్డి మీద ఉంచు, వారం పది రోజుల్లో తగ్గుతది. పొదుగు కాలుతున్నట్టు ఉన్నా, జ్వరమొచ్చినా డాక్టర్‌ను పిలువు. ఆ వారంలో టీకాలు, నట్టల మందు పెట్టుకోకు.

గెల్డింగ్ కొనక్కర్లేదు. మా పక్కింటాయన తనది రెండు నెలలు అరువిచ్చిండు. తిండి ఖర్చు నాది. సంక్రాంతికి సకినాలు ఆయనకు.