తాతగారి ఇల్లు హోటల్ కావాలంటే...

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు సుమారు 250 మీటర్ల దూరంలో మా తాతగారు 1938లో సొంత సంపాదనతో కట్టించిన రెండంతస్తుల ఇల్లు ఉంది. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు. ఆయన 1978లో వీలునామా రాయకుండా పోయారు. నానమ్మ, మా నాన్నగారు కూడా ఇప్పుడు లేరు. పెదనాన్న, నేను కలిసి ఇంటిని ఎనిమిది గదుల హోటల్‌గా మార్చాలనుకుంటున్నాం. ఒక సంస్థ 30 ఏళ్ల లీజుకు అడుగుతోంది. పెళ్లిలో పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చాం కాబట్టి మేనత్తకు ఇంట్లో భాగం లేదని పెదనాన్న అంటున్నారు. మరమ్మతులకు ఎవరి అనుమతీ అక్కర్లేదని మేస్త్రీ అంటున్నాడు. మేమేం చేయాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ పెదనాన్నగారి మాట, మేస్త్రీ మాట రెండూ చట్టం ముందు నిలవవు. ముందు మేనత్తగారి సంగతి చూద్దాం. అది తేలకుండా మిగతా కాగితాలు ఎన్ని పోగుచేసినా ప్రయోజనం లేదు.

ఆడపిల్లలకు ఆస్తిలో హక్కు 2005 సవరణతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తికి సంబంధించినది. మీ ఇల్లు తాతగారి స్వార్జితం. వీలునామా లేని స్వార్జితానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 8వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు సమాన వారసులు. అంటే 1978లోనే మీ మేనత్తగారికి వాటా వచ్చింది. మగ వారసులు పంచుకునే దాకా నివాస గృహంలో కూతురు పంపకం అడగకుండా అప్పట్లో 23వ సెక్షన్ అడ్డుగా ఉండేది. 2005లో దాన్ని తీసేశారు. నానమ్మగారు కూడా వీలునామా రాయకపోతే ముగ్గురు పిల్లలకూ తలా మూడో వంతు. మీ నాన్నగారి మూడో వంతులోనూ మీతో పాటు మీ అమ్మగారికి, మీ తోబుట్టువులకు సమాన భాగాలుంటాయి.

పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం తండ్రి కూతురికి పెట్టిన కానుక. దానివల్ల ఇంటిలో వాటా పోదు. ఇన్నేళ్లుగా మీరే ఆ ఇంట్లో ఉంటున్నారన్న వాదనకూ బలం తక్కువ. సహయజమాని స్వాధీనంలో ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే న్యాయస్థానాలు చూస్తాయి. ఆమె నిజంగా వాటా వదులుకోదలిస్తే రిజిస్టర్ చేసిన హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. నోటిమాట, తెల్లకాగితం మీద సంతకం చెల్లవు. అయితే పెద్దావిడను ఒప్పించి సంతకం పెట్టించుకోవడం కంటే ఆమెను భాగస్వామిగా కలుపుకోవడమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఇల్లు ఆమె పుట్టినిల్లు కూడా. ఆమెను పక్కన పెట్టి లీజు రాసుకుంటే ఆమెగానీ ఆమె పిల్లలుగానీ పంపకం దావా వేసి పనులపై స్టే తెచ్చుకోవచ్చు. అప్పుడు సగం విప్పిన పైకప్పు వర్షాలకు తడుస్తూ ఉంటుంది.

ఇక భవనం విషయం. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత రక్షిత హద్దు దగ్గర మొదలవుతుంది కాబట్టి ఫోనులో చూసిన దూరాన్ని నమ్మకుండా సర్వే చేయించండి. నియంత్రిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికే కాదు, మరమ్మతుకూ పునరుద్ధరణకూ కూడా అధీకృత అధికారి అనుమతి కావాలి. మీ మేస్త్రీకి తెలియనిది ఇదే. ఆ అధికారి 15 రోజుల్లో మీ దరఖాస్తును జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. అనుమతి లేకుండా పని చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దరఖాస్తులో వాడే మాటల విషయంలో జాగ్రత్త. మరమ్మతు, పునర్నిర్మాణం చట్టం దృష్టిలో వేర్వేరు. పాత గోడను పడగొట్టి అదే కొలతలతో మళ్లీ లేపినా అది పునర్నిర్మాణమే. మరమ్మతుకు అనుమతి తీసుకుని దూలాల మిద్దెను విప్పి కాంక్రీటు స్లాబు వేస్తే అనుమతిని దాటినట్టే. పాత కట్టడాలపై అనుభవమున్న ఆర్కిటెక్టు చేత ప్రతి గది ప్రస్తుత స్థితిని ఫొటోలతో, కొలతలతో నమోదు చేయించి దరఖాస్తుకు జోడించండి.

2017 నాటి తెలంగాణ వారసత్వ కట్టడాల (హెరిటేజ్) చట్టం కింద మీ ఇల్లుగానీ వీధిగానీ నమోదై ఉందేమో రాష్ట్ర హెరిటేజ్ శాఖను, హెచ్‌ఎండీఏను (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) రాతపూర్వకంగా అడగండి. జాబితాలో ఉందని తెలిస్తే కంగారు పడకండి. అంతమాత్రాన యాజమాన్యం మారదు, మార్పులకు ముందస్తు అనుమతి మాత్రం తప్పనిసరి. ఈ విషయాన్ని ప్రభుత్వమే తేలిగ్గా తీసుకోలేకపోయింది. హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది.

హోటల్ నడపడానికి నివాస భవనాన్ని వాణిజ్య వినియోగానికి మార్చుకోవాలి. పాతబస్తీ సందుల్లో రోడ్డు వెడల్పు, పార్కింగ్ నిబంధనల దగ్గరే చాలా దరఖాస్తులు ఆగుతాయి. అందుకే డబ్బు ఖర్చు పెట్టకముందే పట్టణ ప్రణాళిక విభాగంలో కనుక్కోండి. చెక్క మెట్లున్న ఇంట్లో అతిథులు పడుకుంటారు కాబట్టి అగ్నిమాపక శాఖ సలహాను మొక్కుబడిగా తీసుకోవద్దు. ట్రేడ్ లైసెన్సు, ఆహార లైసెన్సు, జీఎస్టీ, విదేశీ అతిథుల వివరాలు 24 గంటల్లో అధికారులకు తెలపడం మామూలే. కేంద్ర పర్యాటక శాఖ 1950కి ముందు కట్టిన, కనీసం ఐదు గదులున్న భవనాలకు హెరిటేజ్ హోటల్ గుర్తింపు ఇస్తుంది. అది ఐచ్ఛికం. ఈ రెండు షరతుల వరకు మీ ఇల్లు సరిపోతుంది.

లీజు విషయానికొస్తే, ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయాల్సిందే. చేయకపోతే 30 ఏళ్లని రాసుకున్నా అది నెలవారీ అద్దె కిందికే వస్తుంది, 15 రోజుల నోటీసుతో ముగిసిపోతుంది. యజమానులందరూ సంతకం చేయాలి. రాతపూర్వక అంగీకారం లేకుండా ఏ గోడా కదల్చరాదని, అనుమతుల ఉల్లంఘన జరిగితే లీజు రద్దు చేసే హక్కు మీకుంటుందని, బీమా ఖర్చు సంస్థదేనని రాయించండి. తలుపులు, కిటికీలు, దూలాలు, నగిషీ స్తంభాల జాబితా ఫొటోలతో సహా దస్తావేజుకు అనుబంధంగా ఉండాలి, ప్రతి పేజీ మీదా ఇరుపక్షాల సంతకాలుండాలి. రేపు ఏ తలుపు మాయమైనా మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.