అమ్మడూ, ముందు ఆ మీటర్‌ని బయటికి తీసుకెళ్లు

అమ్మడూ,

మీ బడిలో తరగతి గదులన్నిటికీ కార్బన్ డయాక్సైడ్ మీటర్లు పెట్టే పని నువ్వే నెత్తికెత్తుకున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను, ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, ఎందుకంటే ఈ పనిలో నేనొకసారి బోల్తా పడ్డాను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. ఎన్‌డీఐఆర్ సెన్సర్, అంటే కార్బన్ డయాక్సైడ్‌నే పరారుణ కాంతితో నేరుగా కొలిచేది, ఉన్నదే కొను, చవకవాటిలో కొన్ని వేరే వాయువుల్ని చూసి అంచనా అంకె వేస్తాయి. కూర్చున్నవాళ్ల తల ఎత్తులో, కిటికీకీ మనుషుల ముఖాలకీ దూరంగా పెట్టు. మనం వదిలే ఊపిరిలోనే దాదాపు 40,000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 40,000 భాగాలు, ఉంటుంది మరి.

ఇక నా సంగతి. రాత్రింబవళ్లు మనుషులుండే ఓ కంట్రోల్ రూమ్‌లో మీటర్ బిగించాను. ఆ రకం మీటర్ కొన్ని రోజులకోసారి తనకు కనబడిన అతి తక్కువ రీడింగే బయటి గాలి అనుకుని, దాన్ని 400గా సర్దేసుకుంటుంది. రాత్రి ఖాళీ అయ్యే గదిలో అది చెల్లుతుంది. మా గది ఎప్పుడూ ఖాళీ అవదు, ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలి తేదు. వారం వారం అంకె మెల్లగా దిగుతుంటే నా పనితనమే అనుకుని మురిసిపోయాను! తల బరువుగా ఉందని కుర్రాళ్లు మొత్తుకుంటే, మీటర్ 800 చూపిస్తోంది, మీరు ఇంట్లో సరిగా నిద్రపోయి రండి అని కసిరాను. ఒకరోజు తుడుద్దామని దాన్ని బయటికి పట్టుకెళ్తే 120 చూపించింది. బయట 420కి పైనే ఉండాలి కదా, అంటే 300 మింగేసి కూర్చుంది. కసురు తిన్న కుర్రాడి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే నెలకోసారి ప్రతి మీటర్‌నీ ఆరుబయట ఇరవై నిమిషాలు ఉంచి చూడు, బద్ధకించావంటే ఊరుకోను. ఎప్పుడూ ఖాళీ కాని గది ఉంటే ఆ ఆటో సర్దుబాటు ఆపేసి, బయటి గాలిలో నువ్వే సరిచెయ్యి.

1000 దాటగానే విషమని పిల్లల్ని హడలగొట్టకు. జర్మన్ ఆరోగ్య శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్ 1858లోనే చెప్పిన హద్దు అది, గదిలో గాలి మారడం లేదనడానికి గుర్తు, అంతే. ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే దుమ్ము తగ్గుతుంది గానీ ఈ అంకె తగ్గదు. కిటికీలు తీశాక ఎంతసేపటికి దిగుతోందో చూడు, అసలు కథంతా అక్కడే ఉంటుంది.

ఇంకోటి, దీనికే నాకు నిద్ర పట్టదు. జనరేటర్ పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని ఈ మీటర్ పట్టుకోదు. అది ప్రాణం తీస్తుంది, దానికి వేరే అలారం ఉంటుంది. కిటికీలు తీయించే ముందు పక్కన జనరేటర్ ఉందేమో చూసిరా తల్లీ.

నిచ్చెన నువ్వు ఎక్కకు. మొదటి వారం అంకెలు నాకు పంపు, గదిలో ఎంతమంది ఉన్నారో, కిటికీలు ఎన్ని తీసి ఉన్నాయో పక్కనే రాసి.

మీ మామయ్య