సీట్లు నిండినా విమానం ఎందుకు ఆగిపోతుందంటే...

విమానం నిండుగానే వెళ్తోంది కదా, మరి ఆ విదేశీ రూట్‌ను ఎందుకు ఎత్తేస్తారు అని ఒకరు అడిగారు. నిండేది ఒక వైపే కాబట్టి. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే అని నా గట్టి నమ్మకం.

మాది కడప జిల్లా రాజంపేట. ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైనా కువైట్‌లో ఉండే ఊరు. మా వదిన కూడా 20 నంబర్ వీసా మీద అక్కడ ఇంటి పనికి పోయింది. ఆ మధ్య జూన్‌లో సెలవు దొరికితే చెన్నైకి నేరు విమానం టికెట్ ఇక్కడి ఏజెంటు దగ్గరే తీయించాం. బయలుదేరే ముందు ఏదో పనిమీద ఆ షాపుకి పోతే తెలిసింది, ఆ కంపెనీ ఆ సర్వీసే ఆపేసిందని. మెసేజ్ వచ్చి చాలా రోజులైందంట, కానీ వచ్చింది ఏజెంటు ఫోన్‌కి. రోజూ వందల మెసేజ్‌లలో అదీ కలిసిపోయింది. అక్కడ కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) సెలవు తేదీ మార్చనంటాడు, ఇక్కడ పిల్లలేమో అమ్మ వస్తుందని రోజులు లెక్కబెట్టుకుంటున్నారు.

నేను కోపంగా అడిగాను, ఎప్పుడు చూసినా ఫుల్ అంటారే, ఎట్లా ఆపుతారని. షాపతను కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. జూన్‌లో కువైట్ నుంచి చెన్నైకి ఉన్న రేటు, అదే వారం చెన్నై నుంచి కువైట్‌కి ఉన్న రేటుకు రెండింతల పైనే. "అన్నా, అక్కడ పిల్లల బడులకు సెలవులిస్తే అందరూ ఇటే వస్తారు. ఇక్కడి నుంచి పోయేటప్పుడు సగం సీట్లు ఖాళీ. ఆగస్టు ఆఖర్లో చూడు, అంతా తిరగబడుతుంది. ఖాళీగా పోయినా నూనె కాలేది కాలాల్సిందే కదా" అన్నాడు. ఆర్థిక శాస్త్రం చదివినవాళ్లు ఎవరూ నాకు ఇంత తేటగా చెప్పలేదు.

చివరికి వదినను ముంబై మీదుగా రప్పించాం. మనదేశంలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ చేయించుకుని, సామాను మొత్తం తీసుకుని, మళ్లీ లోపలి విమానానికి ఇచ్చుకోవాలి. తాళ్లతో కట్టిన రెండు అట్టపెట్టెలు, మీద పెద్ద అక్షరాలతో పేరు, ఫోన్ నంబరు. ఒకటి మూల చిరిగి పాలపొడి కారుతూ చెన్నైలో బెల్టు మీద వచ్చింది. అరబ్బీ గడగడా మాట్లాడే మనిషి, ముంబైలో ఏ గేటో చెప్పేవాళ్లు లేక నిలువునా వణికిపోయానని పుత్తూరు దాటేదాకా చెప్తూనే ఉంది. నేరు విమానం ఆగిపోతే పడే కష్టం ఇది. కంపెనీ లెక్కల్లో ఇది ఎక్కడా ఉండదు.

ఇంకా ఉంది. చెన్నై నుంచి కువైట్‌కి పోయి రావాలంటే, నేల మీద ఆగే సమయం కూడా కలిపి ఒక విమానానికి దాదాపు సగం రోజు పోతుంది. ఆ సగం రోజులో అదే విమానాన్ని వేరే రూట్‌లో తిప్పితే ఎక్కువ వస్తుందంటే కంపెనీ అటే తిప్పుతుంది. అంటే నష్టమే రానక్కర్లేదు, లాభం తక్కువైనా చాలు. నష్టమొచ్చినా పల్లెకు బస్సు నడపడానికి వాళ్లది మన ఆర్టీసీ కాదు. పైగా మన విమాన కంపెనీల ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనానికే పోతుంది. ఎయిరిండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును 2025 సెప్టెంబరు 1 నుంచి ఆపింది. మనుషులు ఎక్కడం లేదని కాదు, పాకిస్తాన్ గగనతలం మూసేయడంతో చుట్టూ తిరిగి పోవాల్సి రావడం, బోయింగ్ 787లను లోపల కొత్తగా మార్చడానికి పంపడంతో విమానాలు చాలకపోవడం దానికి కారణాలు.

అసలు నేను చెప్పాలనుకున్నది తిరుపతి గురించి. 2017లో అంతర్జాతీయ విమానాశ్రయం అన్నారు. గల్ఫ్‌కి రోజువారీ సర్వీసు ఏది? మా జనమంతా రేణిగుంటలో ఉన్న ఆ విమానాశ్రయం పక్కనుంచే కార్లలో చెన్నైకి పోతున్నారు! కడపలో దిగేవి ఏటీఆర్‌లనే చిన్న విమానాలు, అవి కువైట్ దాకా పోలేవు, కాబట్టి మాకు దిక్కు తిరుపతే. ప్రభుత్వం చేయలేదా అంటే చేయగలదు. విజయవాడ–సింగపూర్ విమానం 2018 డిసెంబరులో ఎట్లా మొదలైంది? సీట్లు మిగిలితే ఆ లోటు రాష్ట్రమే భరిస్తానన్నందుకు, వారానికి రెండు రోజులు నడిచింది. 2019లో ఆ సాయం ఆగింది, విమానమూ ఆగింది. నన్నడిగితే ఏ కొత్త రూట్‌కైనా కనీసం మూడేళ్లు చేయూత ఉండాలి. జనానికి అలవాటు కావద్దా? ఆరు నెలలు నడిపి ఎత్తేసేదానికి రెండేళ్లకోసారి వచ్చేవాళ్లు ఎట్లా అలవాటు పడతారు?

సరుకు సంగతి కూడా చూడాలి. కేరళ నుంచి గల్ఫ్‌కి పోయే విమానాలు కింది అరలో కూరగాయలు నింపుకుని పోతాయి, ఖాళీ సీట్ల లోటు కొంత అక్కడ పూడుతుంది. మన కోడూరు మామిడికి తిరుపతిలో అట్లాంటి ఏర్పాటు చేస్తే పోయేటప్పటి ఖాళీ సగం సమస్య తీరుతుందని నేను ఎవరితోనైనా వాదిస్తా. 2025లో కువైట్‌తో వారానికి 12,000 సీట్లున్న ఒప్పందాన్ని 18,000కు పెంచారు. అందులో మా వైపుకి ఒక్క విమానమైనా రావాలి.

మీరు ఇప్పటికే అట్లాంటి రూట్‌లో టికెట్ తీసుకుని ఉంటే, ఏజెంటు నంబరు తీయించి మీ సొంత నంబరు వేయించండి. కంపెనీ రద్దు చేస్తే వేరే విమానం గానీ డబ్బు వాపసు గానీ ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. వాళ్లు ఇస్తామన్న వోచరుకు వెంటనే ఒప్పుకోవద్దు. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కు వాపసు వచ్చే డబ్బు ముందు అతని ఖాతాకే పోతుంది, కాబట్టి కొనేరోజే రశీదు అడిగి తీసుకోండి.